గల్లాపెట్టెలో రివాల్వర్

మా బావమరిదికి ఎట్టకేలకు తుపాకీ లైసెన్సు వచ్చింది. చిత్తూరులో బెల్లం మండీ అతనిది. సీజన్లో పెనుమూరు, పాకాల, ఐరాల వైపు ఊళ్లు తిరిగి రైతులకు డబ్బు కట్టి, మిగిలింది సంచిలో వేసుకుని పొద్దుపోయాక ఒక్కడే కారులో వెనక్కి వస్తాడు. అర్జీ, పోలీసు విచారణ, ట్రైనింగు సర్టిఫికెట్టు, ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణలు... ఆ కథ అందరికీ తెలిసిందే. కాగితం చేతికొచ్చిన రోజు నుంచీ నా ఫోనుకు వీడియోలు పంపడం మొదలుపెట్టాడు. ప్రతి వీడియో కింద ఒకటే ముక్క: "ఏది కొనమంటావు బావా?"

నన్నే అడగడానికి కారణముంది. నేను సైన్యంలో ఈఎంఈలో, అంటే ఆయుధాలు, వాహనాలు మరమ్మతు చేసే విభాగంలో, ఆర్మరర్‌గా చేసి, రిటైరయ్యాక తిరుపతిలో స్థిరపడ్డాను. తుపాకులు కాల్చిన దానికంటే వాటిని విప్పి, తుడిచి, నూనె రాసి, మళ్లీ బిగించిందే ఎక్కువ. ఆ తేడా మా చుట్టాలకు పట్టదు. తుపాకీ అనగానే నా పేరు చెబుతారు, నేనేదో సరిహద్దులో రోజూ కాల్పులు జరిపి వచ్చినట్టు.

ఆ వీడియోలన్నీ నేను చూశాను. అన్నీ అమెరికావే. గడ్డం పెంచిన ఒకాయన బల్ల మీద ఏడెనిమిది పిస్టళ్లు వరసగా పెట్టి, రోజూ నడుముకు కట్టుకోవడానికి ఏది మేలో చెబుతుంటాడు. చెప్పేది తప్పని అనను. చాలావరకు సరైనదే. కానీ మా బావమరిది బతుకుకు అందులో పనికొచ్చేది పావు వంతు. ఆ పావు వంతులో కూడా వాళ్లు ముక్తసరిగా దాటేసే సంగతే ఇక్కడ ముఖ్యమైనదని నా నమ్మకం. తుపాకీ నడుమున ఉన్నప్పుడు ఎట్లా ఉంటుందనే దాని మీద గంటలు గంటలు మాట్లాడతారు. నడుము మీద నుంచి తీసి పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు దాని సంగతేమిటి? తిరుపతి, చిత్తూరు మనిషికి అది రోజూ వచ్చే అవసరం. ఆ ప్రశ్న నుంచే ఎంపిక మొదలుపెట్టాలని అతనికి చెప్పాను. అతనికి నచ్చలేదు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా.

అక్కడి గొడవ, ఇక్కడి అంగడి

అమెరికాలో ఈ చర్చకు పెద్ద చరిత్రే ఉంది. 1986 ఏప్రిల్‌లో మయామీలో ఇద్దరు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. ఒక దొంగకు తగిలిన 9 ఎంఎం గుండు గుండె దాకా వెళ్లకుండా ముందే ఆగిపోయింది. వాడు ఆ గాయంతోనే కాలుస్తూ పోయాడు. ఆ దెబ్బతో ఎఫ్‌బీఐ పెద్ద గుళ్ల వైపు వెళ్లింది. మొదట 10 ఎంఎం, తర్వాత .40 అంగుళాల గుండు. గుండు శరీరంలోకి కనీసం పన్నెండు అంగుళాలు దిగాలని, పద్దెనిమిది దాటకూడదని కొలతలు పెట్టుకుంది. చివరికి 2010ల నడుమ మళ్లీ 9 ఎంఎంకే తిరిగొచ్చింది. తూటాల తయారీ మెరుగుపడింది, దెబ్బలో తేడా పెద్దగా లేదు, 9 ఎంఎం అయితే ఎక్కువమంది గురి తప్పకుండా కాల్చగలుగుతున్నారు అని లెక్క తేల్చుకున్నారు. 2018లో సిగ్ కంపెనీ పీ365 వచ్చాక చిన్న పిస్టల్లోనే పది తూటాలు పట్టడంతో, చిన్నదా పెద్దదా అనే పాత తగవు కూడా చాలావరకు చల్లారింది.

ఇదంతా చదవడానికి బాగుంటుంది. బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. మన దగ్గర 9 ఎంఎం నిషిద్ధ బోరు. మామూలు లైసెన్సు మీద దాన్ని ముట్టుకోలేం. మామూలు మనిషి విదేశీ తుపాకీ తెప్పించుకునే దారి 1980ల నడుమే మూసుకుపోయింది. అంతకుముందు వచ్చినవి చేతులు మారుతూ లక్షలు పలుకుతాయి. మిగిలింది ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల సరుకు: కాన్పూరు .32 రివాల్వర్, అదే బోరులో అశని పిస్టల్, 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన నిర్భీక్, .22లో నిదర్, 2023లో వచ్చిన ప్రబల్. ఈ మధ్య ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్‌లో వెబ్లీ అనే బ్రిటిష్ కంపెనీ పేరుతో కూడా తయారవుతున్నాయి. అంటే వీడియోలో బల్ల నిండా ఉన్నవాటిలో ఒక్కటి కూడా మన అంగట్లో దొరకదు.

"అయితే .32తో మనిషి ఆగుతాడా బావా?" అన్నాడు. అందరూ అడిగేదే. .32 రివాల్వర్ తూటా 1896 నాటిది. దాని శక్తి 9 ఎంఎంలో సుమారు మూడో వంతు. ఆగుతాడని నేను హామీ ఇవ్వలేను. కానీ చేతి తుపాకీ ఏదైనా అంతే. సినిమాలో లాగా మనిషి గాల్లోకి ఎగిరి పడడు. ఎక్కడ తగిలిందన్నదే తేల్చేది. పెద్ద గుండు పక్కనుంచి పోయేకంటే చిన్న గుండు ఛాతీలో దిగడం నయం. మన చట్టం బోరు ఎంచుకునే పెత్తనం ఎటూ మనకివ్వలేదు కాబట్టి ఆ తగవు మీద నిద్ర చెడగొట్టుకోవద్దన్నాను.

ప్రబల్ గురించి మాత్రం ఒక మాట. దాన్ని తెచ్చినప్పుడు యాభై మీటర్ల దాకా కొడుతుందని ప్రచారం చేశారు. రివాల్వరుగా మంచిదే కావచ్చు. తూటాలు నింపే గుండ్రటి సిలిండరు పక్కకు తెరుచుకుంటుంది, బరువు 700 గ్రాముల దగ్గర. కానీ ఆత్మరక్షణకు యాభై మీటర్లెందుకు? యాభై మీటర్ల దూరంలో ఉన్నవాడిని కాల్చి, నా ప్రాణం కాపాడుకున్నానంటే ఏ జడ్జిగారు ఒప్పుకుంటారు? అంత దూరంలో ఉన్నవాడి నుంచి కారు తిప్పుకుని పోవచ్చు. అసలు ప్రమాదం చేతికందే దూరంలో ఉంటుంది. అమెరికాలో డెనిస్ టూలర్ అనే పోలీసు అధికారి 1983లో ఒక లెక్క రాశాడు. కత్తి పట్టుకున్నవాడు ఇరవై ఒక్క అడుగుల దూరం నుంచి పరుగెత్తుకొస్తే మన మీద పడటానికి పట్టేది సుమారు ఒకటిన్నర సెకను. చొక్కా ఎత్తి, తుపాకీ తీసి, గురి చూసేసరికి ఆ ఒకటిన్నర సెకను అయిపోతుంది. అంటే తూటా ఎంత దూరం పోతుందన్న దానికంటే చెయ్యి ఎంత త్వరగా పిడి దాకా పోతుందన్నదే పెద్ద ప్రశ్న. పిడి నడుము దగ్గర ఉంటేనే కదా చెయ్యి పోవడానికి.

తూకపు రాళ్లతో పరీక్ష

అందుకని ఏదీ కొనకముందు అతనికి ఒక పని చెప్పాను. మండీలో ఇప్పుడంతా ఎలక్ట్రానిక్ కాటానే, కానీ పాత ఇనప తూకపు రాళ్లు ఒక మూల పడే ఉన్నాయి. ఒక అరకిలో రాయి, ఒక రెండు వందల గ్రాముల రాయి గుడ్డలో చుట్టి, బెల్టుకు తగిలించే తోలు సంచిలో పెట్టి, కొన్నాళ్లు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నడుముకు కట్టుకుని తిరగమన్నాను. కాన్పూరు రివాల్వర్ బరువు కూడా అటూ ఇటూగా అంతే. తూటాలు నింపితే ఇంకొంచెం.

అతను నవ్వాడు గానీ కట్టుకున్నాడు. నేను చిత్తూరు వెళ్లినప్పుడు మధ్యాహ్నం మండీకి పోయి చూస్తే నడుమున సంచి లేదు. "యాడరా?" అంటే గల్లాపెట్టె తెరిచి చూపించాడు. నోట్ల కట్టల పక్కన, చీటీల పుస్తకం మీద కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ బెల్లం దిమ్మలు దించుతూ వంగి లేస్తుంటే ఎముకకు ఒత్తుకుంటోందట. చెమటకు చర్మం ఒరుసుకుపోయిందట. తీసి పెట్టె లోపల పడేశాడు. ఆ పెట్టెను గుమాస్తా తెరుస్తాడు, టీ డబ్బులకు కుర్రాళ్లు తెరుస్తారు, బడి నుంచి వచ్చి వీడి కొడుకు పెన్ను కోసం తెరుస్తాడు.

ఇప్పటికి అది ఇనప రాయే.

ఆ పరీక్షలో మొదటి బేరం బయటపడింది. తేలిక తుపాకీ కొంటే రోజంతా మొయ్యగలం, కాల్చడం కష్టం. బరువైనది కొంటే కాల్చడం సులువు, మొయ్యలేం. నిర్భీక్ బరువు అరకిలో దగ్గర. టైటానియం మిశ్రమలోహం. ఒళ్లో ఉన్నట్టే తెలియదు. కానీ అంత తేలిక రివాల్వర్ పేలినప్పుడు ఆ తాకిడి మొత్తం అరచెయ్యే తినాలి. ట్రిగ్గరు కూడా గట్టిగా లాగాలి, లాగేటప్పుడు గొట్టం పక్కకు జరుగుతుంది. ఒకసారి పది తూటాలు కాల్చినవాడు రెండోసారి ప్రాక్టీసుకు ఉత్సాహంగా రాడు. రాకపోతే గురి కుదరదు. గురి కుదరనివాడి దగ్గర చిన్న బోరు ఉన్నా ఒకటే, పెద్ద బోరు ఉన్నా ఒకటే. .22 నిదర్ అయితే ఇంకా తేలిక, తాకిడి లేనట్టే. దాని తూటా అంచు మీద సుత్తి పడి పేలే రకం. మధ్యలో పేలే తూటాలకంటే అవి మొరాయించడం ఎక్కువ. రివాల్వర్ కాబట్టి మళ్లీ నొక్కితే తర్వాతి తూటా వస్తుంది, సరే. కానీ మొదటే బలహీనమైన తూటా, పైగా పేలుతుందో లేదోనన్న శంక.

నిర్భీక్ ధర వచ్చినప్పుడు లక్షా ఇరవై వేల పైమాట. నగల డబ్బా లాంటి పెట్టెలో పెట్టి ఇచ్చారు. ఆ పెట్టె చూసినప్పుడే నాకు అనుమానమొచ్చింది, ఇది పట్టుచీరలా బీరువాలోనే బతుకుతుందని. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటారని అనుకున్నారు కాబోలు. బ్యాగు ఒంటి మీద ఉండదు. బ్యాంకులో కుర్చీ మీద ఉంటుంది, బస్సులో పై అరలో ఉంటుంది, దొంగ మొదట లాక్కునేదీ అదే. ఒకసారి తిరుచానూరులో ఒక కల్యాణ మండపంలో భోజనాల దగ్గర ఇలాంటిదే చూశాను. లైసెన్సున్న పెద్దమనిషొకరు పంచె కట్టుకున్నారని రివాల్వర్ తీసి భార్య చేతి సంచిలో పెట్టారు. ఆవిడ సంచి కుర్చీ మీద వదిలి వడ్డనకు వెళ్లింది. మూడేళ్ల పిల్ల వచ్చి ఆ సంచిలో చెయ్యి పెట్టింది, బహుశా చాక్లెట్ కోసం. పక్కనున్న ఒకావిడ "ఏయ్ పాపా" అని చెయ్యి లాగేసింది. ఆ లాగినావిడకు సంచిలో ఏముందో తెలియదు. పెళ్లిలో ఎవరికీ తెలియదు. ఆ దంపతులకు తెలుసు, ఆ వరసలో కూర్చున్న నాకు తెలుసు.

పల్చటిదా, గుండ్రటిదా

రివాల్వరా పిస్టలా అన్నది రెండో బేరం. ఇక్కడ అశనికి నిజంగా బలమైన వాదన ఉంది, అది నేను దాచను. పిస్టల్ పల్చగా ఉంటుంది. మన ఎండలకు కోటు వేసుకుని తిరిగే మనిషెవరు? ఒంటి మీద ఒక్క చొక్కా, అది కూడా చెమటకు వీపుకు అతుక్కుని ఉంటుంది. రివాల్వర్ సిలిండరు పక్కకు ఉబ్బి కనబడుతుంది. కనబడటం ఊరికే మొహమాటం సంగతి కాదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని హోల్‌స్టర్‌లాంటి దాంట్లో పెట్టి, పూర్తిగా కప్పి ఉంచాలి. నలుగురికీ తెలిసేలా తిరిగితే లైసెన్సుకే ముప్పు. దాన్నలా ఉంచినా, మన వీధుల్లో తుపాకీ కనబడ్డవాడి గురించి సాయంత్రానికి ఊరంతా మాట్లాడుకుంటారు. ఆ మాట డబ్బు సంచి కోసం కాచుకున్నవాడి చెవిన కూడా పడుతుంది.

రివాల్వర్లో ఆరు తూటాలు, అశని మ్యాగజైనులో, అంటే పిడిలోకి దూర్చే తూటాల డబ్బీలో, ఎనిమిది. తూటాల లెక్కలో తేడా నాకు పెద్దగా అనిపించదు. పెనుమూరు రోడ్డు మీద ఆరుతో తేలని గొడవ ఎనిమిదితో తేలుతుందా?

నాకు పిస్టల్ అంటే భయం వేరే చోట. యూనిట్లో మా కోత్ (ఆయుధాల గది) ముందు ఇసుక నింపిన డబ్బా ఒకటి ఉండేది. డ్యూటీ దిగినవాడు ఎవడైనా సరే, గొట్టం అందులోకి పెట్టి "ఖాలీ కర్" అన్న ఆర్డరు మీద ఖాళీ చేసి, తర్వాతే లోపలికి అప్పగించాలి. 9 ఎంఎం పిస్టల్‌ను ఖాళీ చెయ్యడానికి ఒక వరస ఉంది. మొదట మ్యాగజైన్ తీయాలి. తర్వాత స్లైడు, అంటే పిస్టల్ పైన జరిగే ఉక్కు తొడుగు, వెనక్కి లాగి చాంబర్లో, అంటే గొట్టం వెనక గదిలో, ఉన్న తూటాను బయటికి పడెయ్యాలి. తర్వాత కళ్లతో చూడాలి, వేలితో తడమాలి. ఈ వరస తలకిందులైతే, అంటే ముందు స్లైడు లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, పాత తూటా బయటపడుతుంది, మ్యాగజైనులోంచి కొత్తది చాంబర్లోకి ఎక్కి కూర్చుంటుంది. మనిషి చేతిలో మ్యాగజైన్ ఉంది, కింద ఒక తూటా పడింది, తుపాకీ ఖాళీ అయిందని అతని కళ్లే చెబుతాయి. తర్వాత ట్రిగ్గరు నొక్కి చూస్తాడు.

ఆ ఇసుక డబ్బాలోకి గుళ్లు దిగడం నేను చూశాను. కాల్చినవాళ్లెవరూ చేతకానివాళ్లు కారు. ఏళ్లుగా ఆయుధం పట్టినవాళ్లు. రాత్రి డ్యూటీ దిగి నిద్రమత్తులో ఉన్నవాళ్లు, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం గురించి ఆలోచిస్తున్నవాళ్లు. ఆర్డరు ఇచ్చేవాడు ఎదురుగా ఉండి, ఇసుక డబ్బా ఉండి కూడా జరిగేది. మా బావమరిది ఇంట్లో ఆర్డరిచ్చేవాడెవడు? ఇసుక డబ్బా ఎక్కడుంది?

చాంబర్లో తూటా పెట్టకుండా మోస్తానంటాడు. అప్పుడు కాల్చాలంటే రెండు చేతులూ కావాలి. ఒక చేత్తో స్టీరింగు పట్టుకున్నవాడు, డబ్బు సంచిని వదలని వాడు, మీద పడ్డవాడిని మోచేత్తో తోస్తున్నవాడు రెండో చెయ్యి ఎక్కడి నుంచి తెస్తాడు? చాంబర్లో పెట్టి సేఫ్టీ వేస్తే అది తీయడం మర్చిపోకుండా చెయ్యి అలవాటు పడాలి. ఆ అలవాటు ప్రాక్టీసుతో వస్తుంది. మన దగ్గర ప్రాక్టీసు చెయ్యాలంటే రేంజి వెతుక్కోవాలి, తూటాలు లైసెన్సులో రాసినన్ని మాత్రమే కొనాలి, కొన్న ప్రతిదానికీ లెక్క ఉండాలి.

రివాల్వర్ను ఇంత ఆలోచించక్కర్లేదు. కాన్పూరుది మధ్యకు విరిస్తే వెనక భాగమంతా తెరుచుకుంటుంది. ఆరు గదులు కళ్లెదురుగా ఉంటాయి. తూటా ఉంటే ఇత్తడి మెరుస్తుంది, లేకపోతే అవతలి వెలుతురు కనబడుతుంది. చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది. వరస తప్పడానికి వరసంటూ పెద్దగా లేదు.

రోజుకెన్నిసార్లు దించాలి

ఇంతకీ ఇంట్లో ఖాళీ చెయ్యడం గురించి ఇంత రాద్ధాంతమెందుకని అతని ప్రశ్న. రాత్రి ఒకసారి తీసి బీరువాలో పెట్టేస్తే అయిపోయె గదా అంటాడు. రాత్రి ఒకసారేనా? అతని దినచర్యే తీసుకుందాం. పొద్దున బ్యాంకుకు పోతాడు. లోపలికి తుపాకీతో పోతే గార్డు ఊరుకోడు. కోర్టులో ఒక చెక్కు కేసు నడుస్తోంది, వాయిదాలకు పోవాలి. శనివారం కాణిపాకం. నెలకోసారైనా కొండకు పోవాలి, అది వాళ్లమ్మ మొక్కు. అలిపిరి తనిఖీ దగ్గర సామానంతా స్కానరులోకి పోతుంది, మనిషిని తడిమి చూస్తారు. కొండ మీదికి ఆయుధం రాదు. 2003 అక్టోబరులో అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద మందుపాతరలు పేల్చిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు. అక్కడ లైసెన్సు చూపించి వాదించేవాడిని నేనింతవరకూ చూడలేదు. రేణిగుంట నుంచి విమానమెక్కితే దానికి వేరే తతంగం. పెళ్లిళ్లు సరేసరి. 2019 సవరణ తర్వాత సంబరానికి గాల్లోకి కాల్చినా రెండేళ్ల జైలుదాకా పోవచ్చు, కాల్చని బుద్ధిమంతుడికి కూడా మండపంలో అది బరువే.

ఎన్నికలొస్తే మరీ చిత్రం. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, ఫలితాలు జూన్ 4న. అలాంటప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చెయ్యమంటారు. నాకు ప్రాణభయముంది అని ఇచ్చిన లైసెన్సు, ఊళ్లో వేడి పెరిగే నెలల్లోనే ఒంటి మీద ఉండదు. ఇది తప్పని నేననను. పోలింగు రోజుల్లో మన జిల్లాలో అందరి నడుముల్లోనూ తుపాకులుండటం కంటే స్టేషనులో ఉండటమే మేలు. కానీ రోజూ మోస్తానని ప్లాను వేసుకున్నవాడు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఇప్పుడు చెప్పండి. కొండకు బయల్దేరినవాడు తుపాకీ ఎక్కడ పెడతాడు? నిజం చెప్పాలంటే చాలామంది కారులోనే పెడతారు. డ్యాష్‌బోర్డు అరలోనో, సీటు కిందో. దర్శనానికి కంపార్టుమెంట్లలో గంటలు కూర్చుంటారు. కింద పార్కింగులో అద్దం పగలగొడితే పోయేది స్టీరియో మాత్రమే కాదు. అంత స్వేచ్ఛగా తుపాకులు మోసే అమెరికాలో కూడా దొంగలపాలయ్యే తుపాకుల్లో పెద్ద భాగం కార్లలోంచే పోతున్నాయి. పోయిన తుపాకీతో ఎవడేం చేసినా మొదటి ఫోను మనకే వస్తుంది.

ఇలా దించిన ప్రతిసారీ ఖాళీ చెయ్యాలి, మళ్లీ కట్టుకున్నప్పుడు నింపాలి. నాకు తెలిసిన ప్రమాదాల్లో ఎక్కువ ఆ రెండు పనుల మధ్యే జరిగాయి. ఎక్కువసార్లు దించాల్సిన మనిషికి ఏది తికమక పెట్టకుండా ఖాళీ అవుతుందో అదే మంచి తుపాకీ. నా ఓటు రివాల్వర్‌కు పడింది ఈ ఒక్క కారణం మీద. బోరు, తూటాల సంఖ్య, పల్చదనం అన్నీ దీని తర్వాతే.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. రోజంతా కారులో తిరిగే కాంట్రాక్టరో, ఎక్కడా దించక్కర్లేని ఎస్టేటు యజమానో అయితే లెక్క మారుతుంది. పొద్దున కట్టుకుని రాత్రి ఒక్కసారే తీసేవాడికి పిస్టల్ పల్చదనం ఉపయోగపడుతుంది, ఖాళీ చేసే తతంగం రోజుకొకటే. అటువంటివాడు నన్నడిగితే అశని వద్దని గట్టిగా అనలేను. మా వాడు అటువంటివాడు కాడు.

అసలు మొయ్యాలా

అతను ఊరుకోలేదు. "నువ్వు చెప్పేది చూస్తే అసలు వద్దనేటట్టుండావే. మేయరమ్మను ఆఫీసులోనే చంపినారు గదా, ఆమె దగ్గర ఒకటి ఉండుంటే?" అన్నాడు.

2015 నవంబరు 17. చిత్తూరులో ఆ రోజు గుర్తులేనివాళ్లు ఉండరు. మేయరు కఠారి అనురాధను కార్పొరేషన్ ఆఫీసులో, ఆమె గదిలోనే, బురఖాల్లో వచ్చినవాళ్లు కాల్చి చంపారు. ఆమె భర్త మోహన్ కూడా ఆ దాడిలోనే పోయారు. అర్జీలిచ్చేవాళ్లు, పనుల మీద వచ్చేవాళ్లు తిరిగే గది అది. ఎదురుగా వచ్చిన మనిషి ముసుగు వెనక తుపాకీ ఉందని తెలిసేసరికి ఇంకేం మిగలదు. పక్కా పథకంతో దగ్గరికొచ్చేవాడి ముందు నడుమున ఉన్న రివాల్వర్‌కు సమయం దొరకదు. అక్కడ కావాల్సింది వాకిట్లో తనిఖీ. అది చెప్పాను.

కానీ అతని భయం వేరే రకం. చీకటి రోడ్డు, అడ్డంగా పెట్టిన బండి, ఇద్దరు ముగ్గురు. అక్కడ కొంచెం దూరం ఉంటుంది, కొంచెం సమయం ఉంటుంది. అలాంటప్పుడు రివాల్వర్ పనికొచ్చే అవకాశం నేను కొట్టిపారెయ్యలేను. చట్టం కూడా దారి ఇచ్చింది. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కువే, దారిదోపిడీ కూడా అందులో ఉంది. అయితే అవసరానికి మించి హాని చెయ్యకూడదన్న షరతు వెన్నంటే ఉంటుంది. కాల్చాక ఆ రాత్రే తుపాకీ సీజవుతుంది, కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది, చెక్కు కేసు వాయిదాలకే విసుక్కునేవాడు ఈ వాయిదాలకు కూడా తిరగాలి. సంచిలో ఉన్న డబ్బు దానికి సమానమా అన్నది అతనే తేల్చుకోవాలి. ఇచ్చేసి బతికిపోవడం చాలాసార్లు చవక బేరం. ఇచ్చినా వదలరేమో అన్న భయం మాత్రం నిజమైనదే, దానికి నా దగ్గర జవాబు లేదు.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి, అసలు అంత నగదు ఎందుకు మోస్తున్నావని అడిగాను. రైతులు నగదే కావాలంటారట. నిజమే, కొందరు అంటారు. బ్యాంకులో పడితే అప్పు కింద జమ చేసుకుంటారని వాళ్ల భయం. కానీ అందరూ కాదు. వాళ్లమ్మాయి ఒక సాయంత్రం కూర్చుని ఖాతా నంబర్లు రాసుకుంటే సంచి బరువు సగానికి తగ్గింది. తగ్గిన సంగతి ఊళ్లో కూడా తెలియాలి, అప్పుడే ఉపయోగం. ఆ పని వీడియోల్లోని గడ్డాలాయన ఎన్నడూ చెప్పడు, అందులో అమ్మడానికేమీ లేదు కదా.

ఇంకా కొనాలనే ఉంటే ఏం చెయ్యాలో కూడా చెప్పాను. మండీలో ఒకటి, ఇంట్లో ఒకటి, గోడకు బోల్టులతో బిగించిన చిన్న ఉక్కు పెట్టెలు, తాళంచెవి అతని దగ్గరే. కొండకు, కోర్టుకు, పెళ్లికి బయల్దేరేటప్పుడు తుపాకీ ఇంటి పెట్టెలోనే, కారులో ఎప్పుడూ కాదు. తీసి పెట్టేటప్పుడు తోలు హోల్‌స్టర్‌లో అట్లాగే వదలకూడదు. తోలు చెమటను పీల్చుకుని ఇనుముకు ఇస్తుంది, రెండు వారాల్లో గొట్టం మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. బెల్లం పనిచేసే చేతులతో ముట్టుకుంటే జిగురు సిలిండరు ఇరుసులోకి పోయి దుమ్ము పట్టుకుంటుంది, కాబట్టి చేతులు కడుక్కుని ముట్టుకోవాలి, వారానికోసారి తుడవాలి. తుడవడం నేర్పిస్తానన్నాను, తిరుపతికి రమ్మన్నాను.

పెట్టెలు బిగించేశాడు. తుపాకీ ఇంకా కొనలేదు. నిన్న మళ్లీ ఒక వీడియో పంపాడు, ఈసారి రివాల్వర్ల మీద.